దండ పడ్డాక ఆగిన బొమ్మ

రెండేళ్ళ కిందట మాఘమాసంలో, నరసరావుపేటలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన షష్టిపూర్తికి ఎల్ఈడీ గోడ మీద వేసే వీడియో చేసే పని నాకు ఒప్పజెప్పారు. మోషన్ డిజైనర్‌గా నా మొదటి పెద్ద పని అది. రెండో కాన్పు తర్వాత హాళ్ళకి వెళ్ళడం పూర్తిగా మానేశాను కాబట్టి, ఈ వయసుకే పనినుంచి విరమించినదాన్నని చెప్పుకోవచ్చు. డబ్బు పెట్టకుండా ఇదంతా ఎలా నేర్చుకున్నావని మా వీధి ఆడపిల్లలు అడుగుతుంటారు. నా పిల్లలిద్దరూ ఇప్పుడే నిద్రపోయారు. అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను.

మోషన్ డిజైన్ అంటే కదలని వాటిని కదిలించడం. అక్షరాలు, ఫొటోలు, పూలు, ఏవైనా. డిగ్రీలో నేను చదివింది కంప్యూటర్లే అయినా ఇది అక్కడ ఎవరూ నేర్పలేదు. పెద్దపాప పొత్తిళ్ళలో ఉండగా, అద్దం పగిలిన ఫోనులో ఉచిత యాప్‌తో మొదలుపెట్టాను. చేసిన ప్రతి వీడియో మూలనా ఆ యాప్ ముద్ర పడేది. తర్వాత ఒక పాత లాప్‌టాప్ దొరికింది, అందులో ఖర్చులేని సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. పాఠాలు ఇంటర్నెట్‌లో దొరికే వీడియోలే. సగం నాకు రాని హిందీలో ఉండేవి. మాటలు వదిలేసి, ఎక్కడ నొక్కుతున్నారో చూసి నేర్చుకున్నాను.

వస్తువు ఎక్కడ బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో రెండు గుర్తులు పెడతాం. వాటిని కీఫ్రేములంటారు. మధ్యలో దారంతా కంప్యూటరే నింపుతుంది. అలా నింపిన కదలిక మరబొమ్మ నడకలా ఉండేది. ఎందుకో పాఠాలు చూస్తే అర్థం కాలేదు, పాప ఉయ్యాల ఊపుతుంటే అర్థమైంది. ఉయ్యాల చివరికి వెళ్ళేకొద్దీ నెమ్మదిస్తుంది, మధ్యలో జోరందుకుంటుంది. ఆ రోజునుంచి నా అక్షరాలు ఉయ్యాల లెక్కనే కదిలాయి.

ఇంకో సూత్రం కూడా పాఠాల్లో పదేపదే చెప్పేవాళ్ళు. అన్నీ ఒకేసారి రాకూడదు, ఒకదాని వెనక ఒకటి కాస్త ఎడంగా రావాలి, అప్పుడే చూసేవాళ్ళ కన్ను తడబడదని. ఆ సూత్రమే నా కొంప ముంచింది.

షష్టిపూర్తి మా పక్కవీధి కోటేశ్వరరావు బాబాయిది. మాచర్ల వైపు నుంచి నాపరాయి తోలే లారీలున్నాయి ఆయనకి. అంతకు కొన్ని నెలల ముందు గుండెపోటు వచ్చి, గుంటూరులో స్టెంటు వేయించుకుని వచ్చాడు. అప్పటినుంచి ఆయన దగ్గినా సామ్రాజ్యం పిన్ని లేచి కూర్చునేది. ఈ వేడుక పట్టుబట్టి పెట్టించింది ఆవిడే. "మీ బాబాయి గుండ్రాయిలా ఉన్నాడని ఊరందరికీ కనబడాలమ్మాయ్. ఉన్న దిష్టంతా ఆరోజుతో పోవాల," అంది, తమ పెళ్ళి ఫొటో నా చేతిలో పెడుతూ.

వాళ్ళకున్నది ఆ ఒక్క నలుపుతెలుపు ఫొటోనే. దాన్లోంచి ఇద్దరినీ విడివిడిగా కత్తిరించుకున్నాను. ముందు బాబాయి, కింద తన పేరుతో వస్తాడు, పైనుంచి దండ జారి ఆయన బొమ్మ చుట్టూ పడుతుంది, కింద దీపం వెలుగుతుంది. అప్పుడు కుడివైపు నుంచి పిన్ని వస్తుంది, ఆవిడకీ దండ పడుతుంది. ఇద్దరూ దగ్గరై రంగుల్లోకి మారతారు. ఇంటర్నెట్‌లో దొరికే పూలు ప్లాస్టిక్‌లా ఉన్నాయని బజార్లో బంతిపూల దండ కొని, తెల్ల దుప్పటి మీద పరిచి ఫొటో తీసి వాడాను. దండ ఎంత బాగా కుదిరిందో! నడుస్తుండగా ఆ వీడియోని లెక్కలేనన్నిసార్లు చూసుకున్నాను. ఒక్కసారి కూడా మధ్యలో ఆపి చూడలేదు.

ఫంక్షన్లో పెద్దరికం ఫొటోగ్రాఫర్‌ది. ఆయన తర్వాత ఎల్ఈడీ ఆపరేటరు. వీడియో చేసినవాళ్ళకి ఆపరేటరు బల్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. మా ఆపరేటరు పేరు శ్రీను. నా లాప్‌టాప్ నుంచి వైరు అతని ప్రాసెసర్‌కి వెళ్తుంది. వచ్చిన బొమ్మని గోడంతా పరిచే పెట్టె అది. వైరు ఊడితే గోడ నల్లబడాలా, చివర వచ్చిన బొమ్మనే పట్టుకుని ఉండాలా అన్నది ఆ పెట్టెలో ముందే పెట్టుకోవచ్చు. శుభకార్యంలో గోడ నల్లబడితే తిట్లు తినాలని శ్రీను ఎప్పుడూ రెండోదే పెట్టేవాడు.

దంపతులు వేదిక మీద కూర్చున్నారు. దండలు మార్చుకునే ముందు వీడియో వెయ్యమన్నారు. వేశాను. బాబాయి వచ్చాడు. దండ పడింది. దీపం వెలిగింది. సరిగ్గా అప్పుడు ఎవరో చుట్టం ముందు వరసలోకి కుర్చీ ఈడ్చుకుంటూ పోయాడు. కుర్చీ కాలికి తగిలి మా వైరు ఊడింది.

గోడ ఆగిపోయింది.

నలుపుతెలుపు ఫొటో. దానికి దండ. ముందు దీపం. కింద 'కోటేశ్వరరావు గారు' అని పేరు. పక్కన ఎవరూ లేరు. నేను చేసిన బొమ్మే అది, కానీ అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. మా వైపు ఏ సెంటర్లో నిలబడ్డా అలాంటి ఫ్లెక్సీ ఒకటి కనబడుతుంది. దాని మీద శ్రద్ధాంజలి అని రాసి ఉంటుంది.

సన్నాయి ఆగింది. అప్పుడే నూజెండ్ల నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టిన ఒక పెద్దాయన గోడ చూసి, చేతిలో గిఫ్టు పెట్టె జారవిడిచాడు. "ఏందిరా ఇది! నిన్నగా నాతో ఫోన్లో మాట్టాడింది!" అని గొల్లుమన్నాడు.

"ఓ బావా, నేను ఈడున్నా! ఇంకా టిఫినే తిన్లా," అని వేదిక మీదనుంచి బాబాయి కేకేశాడు.

నలుగురు నవ్వబోయి, పిన్ని ముఖం చూసి ఆగిపోయారు. ఆవిడ లేచి నిలబడింది. బాబాయికి వెయ్యాల్సిన దండ ఇంకా చేతిలోనే ఉంది. శ్రీను గోడ స్విచ్చి మీదకి చెయ్యి పోనిచ్చాడు.

"ఒరేయ్ శ్రీనూ, ఆర్పావంటే నీ చెయ్యి ఇరుగుద్ది!" పిన్ని గొంతు హాలంతా మోగింది. "దాన్లో దీపం ఉందిరా. ఆయన ముందర దీపం ఆర్పుతావా?"

శ్రీను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆర్పడానికి లేదు, అలా ఉంచడానికీ లేదు. వీడియో ముందుకి నడవడమొక్కటే దారి.

"వైరు పెట్టేస్తానక్కా," అంటూ అతను వంగాడు. అప్పుడు నా లాప్‌టాప్ వైపు చూశాను. వైరు ఊడినా ఇక్కడ వీడియో ఆగదు. అది చివరిదాకా నడిచి మూసుకుపోయింది. తెర మీద మా పాప ఫొటో ఉంది. డెస్క్‌టాప్ మీద ఎప్పుడూ ఉండేదే, బోసినవ్వుతో. ఇప్పుడు వైరు పెడితే, దండ వేసిన బొమ్మ స్థానంలో గోడంతా వచ్చేది అదే.

చదువుకున్నదాన్ని. ఇలాంటివి నమ్మనని మా అత్తయ్యతో చానాసార్లు వాదించినదాన్ని. "పెట్టకు! శ్రీనూ, పెట్టకు!" అని నేను అరిచిన అరుపుకి ముందు వరస మొత్తం వెనక్కి తిరిగింది.

వీడియో మళ్ళీ తెరిచాను. సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు. వాటిల్లో గోడ మీద ఆగినదాన్నే పట్టుకోవాలి. ఇంకోచోట కలిపితే గోడ ఎగిరిపడినట్టు ఉంటుంది, ఆవిడ ఇంకోసారి ఉలిక్కిపడుతుంది. బాణం మీట ఒక్కొక్కసారే నొక్కుతూ, దీపం వెలుగు గోడ మీద ఉన్నంత అయ్యేదాకా జరిపాను. వేళ్ళకి చెమట పట్టి మీట జారుతోంది.

"ఇప్పుడు పెట్టు."

శ్రీను పెట్టాడు. గోడ మీద ఏమీ మారలేదు. కలిసిందని మా ఇద్దరికే తెలుసు. స్పేస్‌బార్ నొక్కాను.

కుడివైపు నుంచి పెళ్ళినాటి పిన్ని వచ్చింది. దండ పడింది. ఇద్దరూ దగ్గరై రంగుల్లోకి మారారు. సన్నాయి మళ్ళీ అందుకుంది. పిన్ని మాత్రం గోడవైపు చూడనే లేదు. ఇంకా టైముందమ్మా అని పంతులుగారు చెబుతున్నా వినకుండా చేతిలో దండ బాబాయి మెడలో వేసేసింది. "బతికున్నోడికి మెళ్ళో ఎయ్యాల," అంది, నావైపు చూసి.

తర్వాత ఒకరోజు ఆవిడ మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని, ఆ ఫైలు తీసేయించింది. ఇంకెక్కడైనా ఉందా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. బాబాయి మాత్రం టీ కొట్టు దగ్గర కనబడినప్పుడల్లా, "ఏమ్మాయ్, మళ్ళీ ఎప్పుడు చంపుతావు?" అంటాడు.

పాఠాల్లో కదిలించడమే నేర్పుతారు. ఆగితే ఏమవుతుందో చెప్పరు. హాల్లో కరెంటు పోతుంది, వైరు ఊడుతుంది, ఎవరో మధ్యలో ఫోనుతో ఫొటో తీసుకుంటారు. ఎక్కడ ఆగుతుందో మన చేతిలో లేదు. అందుకని పని పూర్తయ్యాక వీడియో నడిపించి, కళ్ళు మూసుకుని, ఎక్కడో ఒకచోట స్పేస్‌బార్ నొక్కండి. కళ్ళు తెరిచి, ఆగిన బొమ్మని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన చుట్టంలా చూడండి. విసుగొచ్చేదాకా అలా చెయ్యండి, దీనికి పైసా ఖర్చు లేదు. సూత్రం ఏం చెప్పినా దంపతులని ఎడం లేకుండా కలిపే తీసుకురండి. గోడకి కలిపే లాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ మీద మనుషుల ఫొటోలు పెట్టకండి. నాది ఇప్పటికీ ఖాళీ నీలం రంగే.