ఆరు గంటలకే తెరిచిన పెట్టె

రిజిస్టరులో ఉన్నట్టు ఆ పెట్టెను మర్నాడు మధ్యాహ్నం తెరవలేదు. వచ్చిన రోజు సాయంత్రమే తెరిచాం. తెరిచిన వడ్రంగి రాజమల్లు డ్రిల్ మిషన్ వాడలేదు, చేత్తో స్క్రూడ్రైవర్ తిప్పాడు. ఈ రెండు సంగతులూ రాజమల్లుకూ నాకూ తప్ప మూడో మనిషికి చాలాకాలం తెలియలేదు. అతను చెప్పాడు. అతని మాటను అవతలివాళ్లకు అందించవలసినవాణ్ని నేను, అందించలేదు.

మస్కట్‌లో, మత్రా రేవు వెనక సందుల్లో, పాత వర్తకుల ఇల్లొకటి బాగుచేసి ఆర్ట్ గ్యాలరీగా మార్చారు. అందులో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ప్యాకింగ్ సహాయకుడిగా చేరి రిజిస్ట్రార్ అయ్యాను. మనవైపు ఈ పేరు చెబితే భూముల రిజిస్ట్రేషన్ అనుకుంటారు. గ్యాలరీలో రిజిస్ట్రార్ అంటే ప్రతి వస్తువు రాకపోకలకూ, దాని ఆరోగ్యానికీ జవాబుదారీ. చిత్రం లోపలికి వచ్చినప్పుడూ బయటికి వెళ్లేటప్పుడూ కండిషన్ రిపోర్ట్ రాయాలి. చిత్రం ఫొటో మీద ప్రతి గీతనూ, ప్రతి మచ్చనూ గుర్తుపెట్టి, ఎప్పుడు చూశామో, ఎవరు చూశారో రాసి సంతకం చేసే కాగితం అది. మా వృత్తిలో దీనికి మించిన సాక్ష్యం లేదు.

కోవిడ్ ఆంక్షలు పోయిన రెండో ఏడు, సెప్టెంబరులో, పాత ఓడరేవుల మీద ఒక ప్రదర్శన పెట్టాం. ఇటలీలో ఒక పాత పట్టణంలోని చిన్న గ్యాలరీ మాకొక చిత్రం అరువిచ్చింది. మూరెడు వెడల్పున్న చెక్క పలక మీద వేసిన రేవు దృశ్యం. ఎవరు వేశారో తెలియదు. గుడ్డ మీద వేసిన చిత్రం కంటే చెక్క మీద వేసినదానితో ఎక్కువ జాగ్రత్త కావాలి. గాలిలో తేమ మారితే చెక్క సాగుతుంది, ముడుచుకుంటుంది. మీద ఉన్న రంగు దానితోపాటు కదల్లేక లేచిపోతుంది. అందుకే పెట్టె వచ్చాక ఇరవై నాలుగు గంటలు మూత తీయకుండా, ఏ గదిలో తెరవాలో ఆ గదిలోనే ఉంచాలి. చిత్రం చిన్నది కనుక వాళ్లు తమ మనిషిని వెంట పంపలేదు. నా సంతకాన్ని నమ్మారు.

విమానాశ్రయంలో కస్టమ్స్ తనిఖీ ఆలస్యమై పెట్టె వేడి షెడ్డులో చాలాసేపు ఉండిపోయింది. మా స్టోర్ గదికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. మూడింటికల్లా డైరెక్టర్ మేడమ్ ఫోన్ చేశారు. ప్రదర్శన చూడటానికి అతిథులు ముందుగా, రేపు మూడు గంటలకే వస్తున్నారు, ఆ చిత్రం గోడ మీద ఉంటుందా అని అడిగారు. ఆవిడ ఒమానీ. మర్యాదస్తురాలు. కుదరదంటే ఆ గోడ ఖాళీగా వదిలేసేవారు, అంతే. నేను ఉంటుందన్నాను. నియమం ప్రకారం మర్నాడు పన్నెండుకి తెరిస్తే పరీక్షకు మూడు గంటలు, తగిలించి లైటు సరిచేయడానికి మరో గంట పడుతుంది. మూడింటికి అందదు. ఇన్నేళ్లలో మేడమ్‌కి కాదని చెప్పలేదన్న గొప్ప ఒకటి నాకుండేది.

ఆరింటికి రాజమల్లును పిలిచాను. జగిత్యాల దగ్గరి మనిషి, నా ఈడువాడే. లేబర్ సప్లై కంపెనీ వీసా మీద ఉంటూ మా దగ్గర డ్యూటీ చేసేవాడు. పెట్టెలు చేయడం, తెరవడం, చిత్రాలు తగిలించడం అతని పని. కులవృత్తి వడ్రంగం. అతను చేసిన పెట్టెలో మూతకూ పక్క చెక్కకూ మధ్య గోరు దూరేది కాదు.

పెట్టె మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"సార్, ఇంక ఏడిగనే ఉన్నది. కట్టె కొత్త జాగకు అచ్చింది. ఒక్క దినమన్న ఊకె ఉండనియ్యుండ్రి."

"ఇది మీ ఊళ్లో దర్వాజా కాదు రాజమల్లూ, తెరువు" అన్నాను.

"దర్వాజ అయితె మల్ల జేస్త సార్" అన్నాడు.

ఆ మాట నాకు కోపం తెప్పించింది. తెరవమని మళ్లీ చెప్పాను. మరలను ఒక్కొక్కటీ చేత్తో తిప్పాడు. డ్రిల్ పెడితే అదురు చిత్రానికి తగులుతుందని మా నియమం, అతను దాన్ని ఏనాడూ తప్పలేదు. తెరిచేసరికి చిత్రం చక్కగా ఉంది. పరీక్షించి, రిపోర్టులోనూ రిజిస్టరులోనూ తెరిచిన సమయం మర్నాటి మధ్యాహ్నం అని రాశాను. అతిథులు వచ్చారు, చూశారు, వెళ్లారు.

మూడో రోజు పొద్దున హాలు కాపలా అమ్మాయి నన్ను పిలిచింది. చిత్రంలో నీళ్లు ఉన్న చోట, చెక్క నార వెంట, చిటికెనవేలంత పొడవున రంగు లేచి ఉంది. కొన్ని రంగు పెచ్చులు ఫ్రేమ్ అంచున రాలి ఉన్నాయి.

బీమా తరఫున సర్వేయర్ వచ్చాడు. ఈజిప్టు మనిషి, ఇంగ్లీషూ అరబ్బీ వచ్చు. రిజిస్టరు చూశాడు, సమయం సరిగ్గా ఉంది. స్టోర్ గదిలో బల్ల మీద డ్రిల్ మిషన్ కనపడింది. చిత్రాలు తగిలించే గోడ దిమ్మెల పనికని రాజమల్లు దాన్ని అక్కడ ఉంచుకున్నాడు. దానితో తెరిచారా అని సర్వేయర్ అడిగాడు. రాజమల్లుకు ఇంగ్లీషు రాదు, వచ్చిన హిందీ సర్వేయర్‌కి రాదు. ఇద్దరి మధ్యా దుబాసీని నేనే.

"డ్రిల్ వట్టలే సార్. చేతితోనే ఇప్పిన. పెట్టె జల్ది ఇప్పినం, గది చెప్పుండ్రి ఆయనకు. కట్టె తట్టుకోలే" అన్నాడు రాజమల్లు.

నేను ఇంగ్లీషులో చెప్పింది ఇది: డ్రిల్ వాడలేదని అతను అంటున్నాడు. అంతవరకే. మీరు చూశారా అని సర్వేయర్ నన్నడిగాడు. ఆ సమయంలో ఫోన్‌లో ఉన్నానన్నాను. రాజమల్లు నా వైపూ అతని వైపూ చూస్తూ నిలబడ్డాడు. తన మాట మొత్తం చేరిందనే అనుకున్నాడని నా నమ్మకం.

తెరిచేటప్పుడు కలిగిన అదురు వల్ల నష్టం జరిగి ఉండవచ్చని రిపోర్టు వచ్చింది. రాజమల్లును ఇక పంపవద్దని మా ఆఫీసు అతని కంపెనీకి రాసింది. కంపెనీ వీసా రద్దుచేసి ఇంటికి పంపేసింది. వెళ్లేముందు వస్తువులు తీసుకోవడానికి వచ్చి, నా గది గుమ్మంలో ఆగి, "మీరు చెప్పిన్రు గద సార్" అని అడిగాడు. చెప్పానన్నాను.

ప్రదర్శన ముగిశాక, తాత్కాలికంగా రంగును అతికించిన ఆ చిత్రాన్ని స్వయంగా తీసుకెళ్లి అప్పగించవలసిన పని నాకు పడింది. నా ఉద్యోగంలో యూరప్ వెళ్లింది ఆ ఒక్కసారే.

ఆ పట్టణం కోటగోడల లోపల ఉంది. వ్యాను పాత ద్వారం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్నుంచి పెట్టెను తోపుడు బండి మీద, రాళ్లు పరిచిన సందులో, చక్రాల కింద దుప్పట్లు పరుస్తూ మడుస్తూ నలుగురం నడిపించుకెళ్లాం. రెండు ఫర్లాంగులు కూడా లేని దారికి దాదాపు గంట పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. గ్యాలరీ ఒకప్పటి బట్టల వర్తకుడి ఇల్లు. కొన్ని తరాల కిందట పట్టణానికి రాసిచ్చాడట. రిజిస్ట్రార్ పేరు ఎలెనా, అరవై దాటిన మనిషి. పెట్టెను గదిలో పెట్టించి, గోడ గడియారం చూసి, తలుపు పక్కనున్న నల్లబల్ల మీద సుద్దతో సమయం రాసి తలుపు తాళం వేసింది. రేపు ఇదే వేళకు రండి, అంతవరకూ మా గ్యాలరీ చూడండి అంది.

ఆ విధంగా నాకొక రోజంతా ఖాళీ దొరికింది. మస్కట్‌లో ఆ పెట్టెకు నేనివ్వని రోజు అది. అరిగిన మెట్లు ఎక్కి ఒక్కో గదీ చూశాను. ఇన్నేళ్లు చిత్రాలతో పనిచేసినా, వెనకవైపు మేకులూ అంచుల పగుళ్లూ వెతకకుండా తీరిగ్గా నిలబడి చూడటం నాకు అలవాటు లేదు. కిటికీల నుంచి వచ్చే వెలుతురు మబ్బుతో మారుతుంటే చిత్రాల్లో ముఖాలు మారుతున్నాయి. మూడో గదిలో ఒక గోడ ఖాళీగా ఉంది. చిత్రం మస్కట్ వెళ్లిందని చిన్న కాగితం అంటించారు. ఆ గదిలో కుర్చీ వేసుకున్న కాపలా ముసలాయన నేనెక్కణ్నుంచి వచ్చానో తెలుసుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో, అక్కడివాళ్లకు మా రేవు నచ్చిందా అని అడిగాడు. చాలా నచ్చిందన్నాను. ఆయన సంతోషించి లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడాలనిపించలేదు.

మర్నాడు పెట్టె తెరిచారు. ఎలెనా ఆ చిత్రం ఫైలు తెచ్చింది. పాత కాగితాల్లో ఒకటి తీసి నాకు చదివి వినిపించింది. ఆమెకు ముందు తరం ఉద్యోగి ఒకడు కిటికీ తుడుస్తూ నిచ్చెన జారి చిత్రం మూలకు తగిలించాడు. తప్పు నాదే, నిచ్చెనను ఎవరినీ పట్టుకోమనలేదు అని రాసి సంతకం చేశాడు. ఇంకా ఇరవై ఏళ్లు ఇక్కడే పనిచేశాడని ఆమె నవ్వింది. తర్వాత చిత్రాన్ని బోర్లించి వెనక చెక్క అతుకు చూపించింది. కారణం అదురే అయితే లేచిన చోటు అతికిస్తే సరిపోతుంది. వేడీ తేమా కారణమైతే ఈ అతుకు కూడా కదిలి ఉంటుంది, పలకంతా వేరుగా చూసుకోవాలి. మీ రిపోర్టులో రాయనిది ఏమైనా ఉందా అని అడిగింది.

లేదన్నాను.

ఆమె తలూపి ఫైలు మూసింది. నేను మస్కట్ వచ్చేశాను.

రెండేళ్ల తర్వాత మా పోస్టు స్థానికులకు ఇవ్వాలని నిర్ణయమైంది. యాభై నాలుగో ఏట రిటైరయ్యాను. నా భార్య మస్కట్‌లోనే బౌషర్‌లో ఆసుపత్రి నర్సు కనుక ఇక్కడే ఉన్నాం. నా స్థానంలోకి వచ్చిన ఒమానీ అమ్మాయికి ఫైళ్లన్నీ అప్పగించాలి. ఇందులోని నమోదులన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రతి ఫైలు మీదా సంతకం పెట్టాలి. మూడు రోజులు పెట్టుకుంటూ వెళ్లాను. ఆ ఫైలు దగ్గర ఆగాను. ఏమైందంకుల్ అని ఆ అమ్మాయి అడిగింది. ఒక తెల్ల కాగితం ఇమ్మన్నాను. పెట్టె వచ్చిన సమయం, నిజంగా తెరిచిన సమయం, ఎవరు వద్దన్నారు, ఎవరు తెరిపించారు, సర్వేయర్‌కి చెప్పకుండా నేను ఏం దాచాను, అన్నీ రాసి సంతకం చేశాను. ఒక ప్రతి ఇటలీకి పంపాం. వెనక అతుకు తెరుచుకోవడం మొదలైంది, కారణం తెలియక వెతుకుతున్నాం, ఇప్పుడు తెలిసింది అని ఎలెనా జవాబు రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు.

డైరెక్టర్ మేడమ్ కాగితం చదివి బల్ల మీద పెట్టి, ఆ వడ్రంగి ఇప్పుడెక్కడ ఉన్నాడని అడిగారు. కనుక్కుంటానన్నాను.

రాజమల్లు పాత కంపెనీ డ్రైవర్‌ని పట్టుకుని అడిగితే తెలిసింది. ఇంకో కంపెనీ వీసా మీద తిరిగొచ్చి మస్కట్‌కి దూరంగా, ఇబ్రిలో సైట్ మీద సెంట్రింగ్ చెక్కలు కొడుతున్నాడట. నగిషీ చేయగల చేతులు కాంక్రీటుకు పలకలు కొడుతున్నాయి. వేరే గ్యాలరీల్లో పనికి దరఖాస్తు పెట్టుకుంటే పాత రిపోర్టు చూసి ఎవరూ తీసుకోలేదని కూడా డ్రైవరే చెప్పాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. కండిషన్ రిపోర్టులో తప్పు రాయడం చిత్రానికి రెండో దెబ్బ, మొదటిదాని కంటే పెద్దది. రెండు భాషల మధ్య నిలబడినవాడు సగం మాట మింగేస్తే, అది అబద్ధం చెప్పడం కంటే తక్కువ తప్పేమీ కాదు. వస్తువు గురించి చేత్తో పనిచేసేవాడు చెప్పే మాటను హోదా చూసి తోసెయ్యకూడదు.

ఒక శుక్రవారం ఇబ్రి వెళ్లాను. పనివాళ్ల రూమ్‌లో ఆరుగురు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకతను నన్ను చూసి, "మ్యూజియమన్నా, నీకోసం ఎవరో అచ్చిన్రు" అని కేకేశాడు. అక్కడ రాజమల్లు పేరు అది. విదేశీ పటం పగలగొట్టి వచ్చినవాడని అతనితోపాటే కథ కూడా వచ్చింది. ఏదైనా పగిలితే, "మ్యూజియమన్న ముట్టిండా?" అని నవ్వుకుంటారట.

రాజమల్లు నన్ను గుర్తుపట్టి పళ్లెం పక్కన పెట్టి లేచాడు. బయట మాట్లాడుకుందామన్నాను. గోడ నీడన నిలబడి అంతా చెప్పాను. అతను మధ్యలో ఆపి అడిగాడు.

"నేను ఆనాడు చెప్పింది మీరు ఆయనకు చెప్పలేదా సార్?"

"చెప్పలేదు."

"చెప్పిన అన్నరు గద, నేను పోయెటప్పుడు."

"అబద్ధం చెప్పాను."

రాజమల్లు గది తలుపు వైపు చూశాడు. తర్వాత, "నాకు చెప్పుడు కాదు సార్, నాకెర్కనే. లోపల ఉన్నోళ్లకు చెప్పుండ్రి" అని ముందు నడిచాడు.

లోపల ఐదుగురి ఎదుట నిలబడి తెలుగులో చెప్పాను. ఎవరూ తినడం లేదు. రాజమల్లు మూలన కూర్చున్న మనిషిని చూపించి, "మా ఫోర్మన్, బీహారాయన. హిందీల గూడ చెప్పుండ్రి సార్, సగం చెప్పకుండ్రి" అన్నాడు.

ఈసారి అతని మాటను మొత్తంగా హిందీలోకి దాటించాను. పెట్టె చల్లబడలేదు, ఆగుదామని రాజమల్లు చెప్పాడు. అతను చేత్తోనే తెరిచాడు, ఏదీ పగలగొట్టలేదు. తొందరపెట్టి తెరిపించింది నేను, దాచింది నేను. తర్వాత అతని వైపు తిరిగి తెలుగులో అన్నాను:

"తప్పు నాది, రాజమల్లూ. నిందేమో నువ్వు మోశావు. నన్ను క్షమించు."