లాబ్‌స్టర్‌ల బొప్పాయి ముక్క

మొన్న ఆదివారం నుంచి నేను వాదన మొదలుపెడితే చాలు, మా ఇంట్ల అందరు నవ్వుతున్నరు. ఎందుకో చెప్త, మీరు గూడ నవ్వుకోండి.

మా కోడలు ప్రసన్నది కాకినాడ దిక్కు. ఇప్పుడు మూడో నెల. ఇడ్లీ తిన్నా వాంతే, పాలు తాగినా వాంతే. అసొంటి పిల్ల నోరు తెరిచి ఒకటి అడిగింది. లాబ్‌స్టర్ తినాలనున్నదట. మా ఇబ్రహీంపట్నంల చెరువు చేప ఎంతంటే అంత దొరుకుతది గని, సముద్రంల దొరికే లాబ్‌స్టర్ యాడ దొరుకుతది? ఇప్పుడు మీర్‌పేట్‌ల ఉంటున్న మా వియ్యంకుడు కాకినాడ నుంచి ఐసు డబ్బాల ఒకే ఒక్కటి తెప్పించి, బైకు మీద తెచ్చిచ్చి పోయిండు.

మూరెడు మీసాలు, ఒంటినిండ ముండ్లు. చూస్తేనే భయమైతది. మా ఇంట్ల నీసు వండేది నేనే, పొయ్యి దగ్గరికి ఎవరినీ రానియ్య. ప్రసన్న మంచం మీదికెంచే చెప్పింది.

"పది నిమిషాలు చాలు మామయ్యా. కండ తెల్లబడగానే దించేయండి."

సరే అన్న గని లోపల నవ్వొచ్చింది. నాటుకోడే పది నిమిషాలకు ఉడకదు, ఇంత డొప్ప ఉన్నది ఉడుకుతదా?

డొప్ప కత్తిరించి కండ తీసిన. అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, చింతపండు పులుసు పోసి పొయ్యి మీద పెట్టిన. పది నిమిషాలకు ఒత్తి చూస్తే గట్టిగున్నది. ఉడకలేదనుకున్న. అరగంటకు చూస్తే ఇంక గట్టిగైంది. ఇట్ల గాదని కుక్కర్ల వేసి విజిల్ మీద విజిల్ వేయించిన. మూత తీస్తే చెప్పు అట్ట లెక్క సాగుతున్నది.

ఆ పిల్ల పది నిమిషాలే అన్నది గదా అని మా యాదమ్మ గుమ్మంల నిలబడి గొణుగుతున్నది. నా భార్యే గని, వంట కాడ నా మాట నమ్మదు. ఉడికిందో లేదో నాకు తెల్వదా అని కసిరిన.

ముదురు మటన్ ఉడకకపోతే ఏం జేస్తం? పచ్చి బొప్పాయి వేస్తం. పక్కింటి ఖాదర్ భాయ్ పెరట్ల చెట్టున్నది. అడిగితే పాపం కాయకు కాయే తెంపిచ్చిండు. నాలుగు ముక్కలు వేసి మళ్ల ఉడికించిన.

ప్రసన్న లేచొచ్చి పళ్లెం ముందు కూసున్నది. వాసన చూసి ఎన్ని దినాలకో ఆ పిల్ల ముఖం వెలిగింది. ముక్క చేతుల పట్టుకున్నది. అప్పుడే యాదమ్మ కంటికి సింక్‌ల బొప్పాయి తొక్క కనబడ్డది.

"ఆగు బిడ్డా! ఏందయ్యా, దీంట్ల బొప్పాయి వేసినవా?"

"వేసిన. మెత్తగ గావాలె గదా..."

అంటనే ఆగిపోయిన. కడుపుతోని ఉన్న పిల్లకు బొప్పాయి! నెల తప్పిందని తెలిసిన నాడే, బొప్పాయి మా గేటు దాటి లోపలికి రావద్దని ఇంటిల్లిపాదికి హుకుం జారీ చేసింది నేనే.

ప్రసన్న ముక్క పళ్లెంల పెట్టింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏడుస్తదేమో అనుకున్న. చూస్తే నవ్వుతున్నది. నవ్వీ నవ్వీ, ఆకలేస్తోంది మామయ్యా, ఇంకేమన్నా ఉందా అని అడిగింది. పొద్దుగాల యాదమ్మ చేసిన పచ్చిపులుసు ఉంటే, దాంతోనే రెండుసార్లు అన్నం పెట్టించుకున్నది. ఒక్క మెతుకు బయటికి రాలే.

ఇగ లాబ్‌స్టర్. మంచిగనే ఉడికిందని రుజువు చేద్దామని పెద్ద ముక్క నోట్లె వేసుకున్న. పైన బొప్పాయికి జిగట, లోపల రబ్బరు. మింగుడు పడదు, ఉమ్మేస్తే ఇజ్జత్ పోతది. గప్పుడే వియ్యంకుని ఫోన్. ఎలా ఉంది బావగారూ అని అడుగుతుండు. నేనింక ఆ ముక్కనే నములుతున్న. ప్రసన్న ఫోన్ గుంజుకున్నది.

"మామయ్యగారు ఇంకా తింటున్నారు నాన్నా."

అప్పటికెంచి నేను దేనికన్న మొండికేస్తే యాదమ్మది ఒకటే మాట: "ఆ లాబ్‌స్టర్ ఒక్క ముక్కన్న దాచిపెట్టేది ఉండె. ఇప్పుడు ఈయన నోట్లె పెడుదును."