కోడిపిల్లలు చచ్చిన గది

ఆ చలికాలం మొదటిసారి తలనొప్పి వచ్చిన పొద్దు నాకు బాగా గుర్తుంది. నుదుటి చుట్టూ తాడు బిగించినట్టు ఉంది, కడుపులో తిప్పుతోంది. మావారు మంచం మీంచే "పైత్యం. అల్లం రసం తాగు" అన్నారు. ఆయనకు తెలియని వైద్యం లేదు.

మాది కృష్ణా జిల్లా. మావారు బొగ్గు బావిలో ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు మనుషుల పనికీ భద్రతకూ బాధ్యుడిగా చేసి పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేశాక ఊరికి పోకుండా గోదావరిఖనిలోనే ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకున్నాం. ఊళ్లో ఆయన్ని పట్టించుకునేదెవరు? ఇక్కడైతే టీ కొట్టు దగ్గర నలుగురు లేచి నమస్కారం పెడతారు. బావిలో చెడుగాలి అనుమానం వస్తే పంజరంలో పిట్టను తీసుకెళ్లేవాళ్లనీ, మనిషికంటే ముందు పిట్ట పడిపోతుందనీ ఈయన చెబుతుంటే నోరు తెరుచుకుని వింటారు.

ఇక్కడి చలికి మా కోస్తా ఎముకలు ఎప్పుడూ అలవాటు పడలేదు. ఆ ఏడు ఈయన కిటికీ సందులన్నీ మైదా జిగురుతో పేపర్లు అంటించి మూసేశారు. ఇక్కడ సిగిడి అనే కుంపటిలో బొగ్గులు వాకిట్లోనే రాజేసి, పొగంతా పోయి ఎర్రగా అయ్యాక గదిలోకి తెచ్చి తలుపు వేసేవారు. "పొగ లేదుగా, ఇంకేం భయం?" అనేవారు. నేనూ తలూపాను. వెచ్చగా ఉంటే బుద్ధి నిద్రపోతుంది కాబోలు.

తలనొప్పి రోజూ వచ్చింది. బజారుకు వెళ్తే తగ్గేది, చర్చిలో కూర్చుంటే పూర్తిగా పోయేది. అదంతా ప్రార్థన మహిమ అనుకున్నాను. నా తెలివీ అంతంతమాత్రమే. దవాఖానలో పెద్ద డాక్టరు బీపీ చూసి, బ్లడ్ టెస్ట్ రాసి, "వయసు మీద పడ్డదమ్మా, అనీమియా ఉంది" అని ఐరన్ మాత్రలు ఇచ్చాడు. నా ముఖం కేసి ఒక్కసారైనా చూస్తే ఒట్టు.

ఆ వారమే చలికి తట్టుకోలేవని ఆరు కోడిపిల్లల్ని గంప కింద, మా గదిలోనే పెట్టాను. తెల్లారేసరికి ఆరూ కాళ్లు చాపేశాయి. "కొక్కెర తెగులు" అని తేల్చేసి మావారు గొయ్యి తవ్వారు.

పక్కింటి లచ్చమ్మ, బావిలో బొగ్గు నింపే కార్మికుడి భార్య, గోడవతల నుంచి చూసింది. "పెద్దమ్మా, బయటున్న నా కోళ్లు మంచిగనే ఉన్నయి. మీ పిల్లలే ఎట్ల సచ్చినయి? అవి సచ్చిన అర్రల మీరు పండకుండ్రి."

ఆ గదిలో పడుకోవద్దట! నవ్వాను. చదువు రాని మనిషి మూఢనమ్మకం అనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాతి ఆదివారం చర్చికి వెళ్దామని లేచాను. గడప దాకా వెళ్లి పడిపోయాను. ఈయన మంచం పక్కన వాంతులు చేసుకుంటున్నారట. నేను పడిన చప్పుడుకు లచ్చమ్మ పరుగున వచ్చి తలుపు నెట్టి, నన్ను రెండు చంకల కింద పట్టి వాకిట్లోకి ఈడ్చింది. "జల్ది రాండ్రి, పెద్దమ్మ సచ్చిపోతున్నది!" అని వాడంతా లేపింది.

కళ్లు తెరిచేసరికి ముక్కుకు ఆక్సిజన్. ఒక చిన్న వయసు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది.

"ఇంటి బయటికెళ్తే తలనొప్పి తగ్గుతుందా అమ్మా?"

"తగ్గుతుంది."

"గదిలో ఏం కాలుస్తారు?"

పక్కనే ఉన్న మావారు అందుకున్నారు. "సిగిడి. పొగ పూర్తిగా పోయాకే లోపల పెడతాం."

"ఇది కార్బన్ మోనాక్సైడ్ పాయిజనింగ్. నిప్పుల్లోంచి వచ్చే ఆ విషవాయువుకి పొగ ఉండదు, వాసన ఉండదు. మీరేం పని చేసేవారు?"

"బావిలో ఓవర్‌మన్."

ఆమె పెన్ను పక్కన పెట్టి ఆయన్నే చూసింది. ఆమె వెళ్లాక నేనడిగాను, "బావిలో పిట్ట పడిపోతే ఏం చేసేవారు?"

"మనుషుల్ని బయటికి పంపేవాళ్లం."

"మరి కోడిపిల్లలు పడిపోతే?"

ఆయన లేచి, కడిగిన గ్లాసునే మళ్లీ కడగడానికి వెళ్లారు.

ఇంటికొచ్చి మూడు వారాలు బాగానే ఉన్నాను. తర్వాత చేతులు వణకడం మొదలైంది. రోజూ నడిచే బజారు దారి మరిచిపోయి ఏడుస్తూ నిలబడ్డాను. "డిలేయ్‌డ్ ఎఫెక్ట్, ఆ విషం ప్రభావం ఆలస్యంగా బయటపడింది, నెమ్మదిగా తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. ఎండాకాలం దాటేదాకా లచ్చమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఇప్పుడు దారులు గుర్తున్నాయి. సూదిలో దారం మాత్రం ఎక్కించలేను.

ఈ చలికాలం పేపర్లన్నీ చింపేశాను. సిగిడి వాకిలి దాటి లోపలికి రాదు. మీకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో వచ్చే తలనొప్పి బయటికెళ్తే తగ్గుతోందంటే మాత్రలు తర్వాత, ముందు సిగిడి బయట పెట్టి తలుపులు తీయండి. పొగ లేదని నమ్మకండి.

నిజానికి ఈ మాట చెప్పాల్సింది మావారు. ఈ వాడలో సగం ఇళ్లల్లో సిగిడి ఇంకా గదిలోనే ఉంది. ఆయన మాత్రం ఈ ఉదయం కూడా టీ కొట్టు దగ్గర పిట్ట కథే చెప్పి వచ్చారు. కోడిపిల్లల సంగతి ఒక్కరికీ చెప్పలేదు.

అందుకే వణికే చేత్తో నేను రాశాను.