లెక్కింపు చాలలేదు

వడమాలపేట రైతు ధనంజయ కూతురు ప్రసన్నకుమారి తిరుపతిలో గణిత పరిశోధనకు చేరింది. ఆమె ఏం చదువుతోందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. అది తెలిసిన మనిషి ఒక్కరే, ఆమె గైడు యోగానంద సారు.

"ప్రశ్న ఎంత పెద్దదైనా, కంప్యూటరుకు పట్టే టైము దాని సైజుకు వర్గమో, ఘనమో, అట్లాంటి ఒక బహుపది హద్దు దాటకూడదు. అట్లాంటి ప్రశ్నలన్నిట్నీ, వాటిని మాత్రమే, రాయగలిగే తర్కభాష ఒకటి కావాల," అన్నారాయన మొదటిరోజే. "ప్రశ్నలో వచ్చే వస్తువులు క్యూలో నిలబడుంటే ఆ భాష దొరికిపోయిందమ్మా. గుంపుగా ఉంటేనే చిక్కు. ఎవరు ముందో, ఎవరు వెనకో తెలీదు గదా."

గుంపులో ఎందరున్నారో లెక్కించే శక్తి కూడా ఆ భాషకు ఇస్తే సరిపోతుందని ఇద్దరూ నమ్మారు. ఆ నమ్మకంతోనే ఏళ్లు గడిచాయి. 1993 వేసవిలో మద్రాసు నుంచి ఒక వ్యాసం నకలు వచ్చింది. కంప్యూటరు సులువుగా వేరుచేయగల రెండు గణిత నిర్మాణాలను పైదేశంలో ఎవరో కట్టి చూపించారు. లెక్కింపు కలిపిన ఈ భాషకు మాత్రం ఆ రెండూ ఒకటే. లెక్కింపు చాలదని తేలిపోయింది.

ప్రసన్నకుమారి బల్లమీద తలవాల్చి ఏడ్చింది. సారు ఫ్లాస్కులోని కాఫీ వంచి ఆమె ముందుపెట్టారు.

"ఒక దోవ మూసుకుపోయింది, అంతే. ఇంగో దోవ ఉండాదో లేదో ఎవరికీ తెలీదు. ఎతుకుదాం. ముందు కాఫీ తాగు."

వెతుకులాట మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆ విషయం చూడగల గైడు మరొకరు దొరకలేదు. వేరే విషయం తీసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పరిశోధన మానేసి, పుత్తూరు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది.

ఆదివారాలు సారు ఇంటికి వెళ్లేది. ఆయన భార్య వసంతమ్మ కుర్చీ వేసేది.

"నువ్వొస్తే ఆయన కండ్లు వెలుగుతాయమ్మా. అర్థమవతా ఉండాదో లేదో ఆ దేవుడికే తెలియాల. నువ్వు చెప్పు."

ఆమె చెప్పేది. ఆయన తల ఊపేవారు. వింటున్నారనే అనుకుంది చాలాకాలం. ఒకరోజు ఉండబట్టలేక, "సార్, లెక్కింపు చాలు. నిరూపించేసినాను," అంది.

సారు సగం ముఖంతో నవ్వి, అలాగే తల ఊపారు.

ఆరోజు బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అయినా తర్వాతి ఆదివారం వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ ఆయనకు అబద్ధం చెప్పలేదు.

2001లో సారు పోయారు. ఆ మరుసటేడు, చెట్టులా కొమ్మలుగా సాగే నిర్మాణాల మీద ఆమెకు ఒక చిన్న ఫలితం చిక్కింది. ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. స్టాఫ్‌రూములో పక్కసీటు మోహనకు చెప్పడం మొదలుపెట్టింది. మోహన మర్యాదగా విని, "ఇది సిలబస్‌లో ఉండాదా మేడమ్?" అని అడిగింది.

లేదని చెప్పి, ప్రసన్నకుమారి సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది.