గురప్ప మామ వైరు కొన్న వైనం

మా మామ గురప్ప వంక పెట్టకుండా ఏ వస్తువునూ ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. వంకాయలు తెస్తే తొడిమ పొడుగనేవాడు, గొడుగు తెస్తే నీడ చాలదనేవాడు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి, "పిల్లోడు బాగుండాడు గానీ, ఎడమ చెవి కొంచిం కిందికుండాది" అన్నాడట. అయినా పిల్లనిచ్చాడు. ఆ ఒక్కసారి మనసెలా ఒప్పిందో నాకిప్పటికీ తెలియదు.

దొరలు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోతున్న ఏడాది అది. పటాలాలుండే దండు పేటలో ఒక దొర ఇంటి వేలంలో కరెంటుతో నీళ్ళు కాచే బాయిలరు నాకు చవగ్గా దొరికింది. దీపావళికి అల్లుడి కానుకగా జట్కాలో వేసి బళేపేటలోని మామ ఇంటికి చేర్చాను. ఇక వైరు లాగి స్విచ్చి బిగించడమే తరువాయి. వైరు ఎంచే పని నాదేనన్నాడు మామ. ఇంకేముంది, అయిపోయింది!

యుద్ధం పుణ్యమా అని వైరుకు కరువు. కరెంటు పని చేసే రామాంజినప్ప ఎక్కడెక్కడో తిరిగి రోజుకో ముక్క తెచ్చి చూపించేవాడు.

"గుడ్డ చుట్టిన వైరు అన్నా, గట్టిది."

"ఎలకలు కొరికితే?"

"రబ్బరుది చూడు."

"థూ, టైరు కంపు! నీళ్ళు పోసుకుంటాంటే బస్సులో కూచున్నట్టుంటాది."

"చెక్కపట్టీలో దాచి లాగుతా లేన్నా."

"పట్టొద్దని చెదలకు నువ్వు చెప్తావా?"

"సీసం తొడుగుది ఉండాది."

"బరువుకు గోడ కూలితే?"

రామాంజినప్ప నా దగ్గరికొచ్చి తల పట్టుకున్నాడు. "ఏమప్పా, మీ మామకు వైరే లేకుండా కరెంటు పంపించల్లనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పండగేమో ముంచుకొస్తోంది. "మామా, బాయిలరు నచ్చకుంటే చెప్పండి, తీసకపోతా" అన్నాను.

"సుమ్నుండప్పా, ఊరుకో! బాయిలరు బంగారం. వంకంతా వైరుదే."

మామకు ఒక అక్క, కదిరమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చింది. అప్పటినుంచీ తెల్లవారుజామునే కట్టెలు పేర్చి ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచేది ఆమే. పొగకు ఆమె దగ్గే దగ్గు వినలేకే మామ బాయిలరుకు సరేనన్నాడు.

చతుర్దశికి ముందు రోజు స్నానాల హండాకు సున్నం, కావి బొట్లు పెట్టి, కాకర తీగ చుట్టి, నీళ్ళు నింపడం మా ఇళ్ళలో ఆచారం. అందుకోసం కదిరమ్మ ముందుగానే చింతపండుతో హండా తోముతూ నాతో అంది: "బాగా తోమతా ఉండా అల్లుడప్పా. ఇదే కడసారి గదా. ఇంక ఈ ఇంట్లో నాకేం పని? పండగైనంక ఆనేకల్లు పోతా. ఆడబిడ్డ రమ్మంటాది."

నాకు చాలా బాధేసింది. నా వెనకే నిలబడి అంతా విన్న మామ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి సీసం తొడుగు వైరు పెద్ద చుట్ట భుజాన వేసుకొచ్చాడు, వెంట రామాంజినప్ప. వంక పెట్టకుండా కొన్నందుకు దుకాణదారు "ఒళ్ళు బాగుండాదా?" అని అడిగాడట.

"స్విచ్చి నీళ్ళు పోసుకునే బచ్చలింటి తలుపు పక్కన పెడదాం. గజం వైరు చాలు" అన్నాడు రామాంజినప్ప.

"ఆడ తేమ."

"నడవలో?"

"పిల్లోళ్ళు ఆడతారు."

"మరి యాడన్నా?"

మామ వంటింటి గోడ చూపించాడు. కదిరమ్మ చాప వేసుకుని కూర్చునే చోటు అది.

"అక్కా, ఈ బాయిలరుకు బుద్ధి లేదు. నీళ్ళు కాగినా దానికి తెలీదు, కాస్తానే ఉంటాది. ఎప్పుడెయ్యల్లో, ఎప్పుడార్పల్లో చూసే మనిషి కావల్ల. ఇంట్లో నీళ్ళ సంగతి నీకు తప్ప ఎవురికి తెలుసు?"

అప్పుడు వెలిగింది నాకు. పొగ పోవాలి, అక్క పోకూడదు. రెండూ కుదిరే దారి దొరక్క ఇన్నాళ్ళూ ఆ వైర్ల మీద పడ్డాడు మహానుభావుడు!

చతుర్దశి తెల్లవారకముందే తలల మీంచి నూనె కారుతుండగా ఇంటిల్లిపాదీ వంటింటి ముందు బారులు తీరాం. కదిరమ్మ స్విచ్చి కింద కూర్చుని వరస చెబుతోంది. "చిన్నోళ్ళు ముందు. తర్వాత అల్లుడు. గురప్పా, నువ్వు కడాకు పో!"

"ఆనేకల్లు ప్రయాణం ఎప్పుడత్తా?" అన్నాను.

"యాడికప్పా పోయేది? నేను లేస్తే ఈ ఇంట్లో ఒక్కరికీ నీళ్ళుండవు. నాకంత తీరిక యాడుండాది?" అని కసిరింది.

మామ ఆ నూనె మొహంతోనే ఇంత నవ్వు నవ్వి, బుద్ధిగా వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.