డబ్బాలో నా పేరు

పక్కింటావిడ చనిపోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఇవతలున్న నాకు, నాలుగు వీధుల అవతలుండే తెలుగు సంఘం కార్యదర్శి ఫోన్ చేసి చెప్పాడు. సభ వేళ మారిందని చెప్పే గొంతుతోనే చెప్పాడు. ముందురోజు సాయంత్రం గుండెల్లో బరువుగా ఉందంటే విద్యార్థులు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారట. తెల్లవారేసరికి పోయారట. "మన తెలుగింటి ఆడపడుచు మాస్టారూ. సంఘం తరఫున ఘనంగా చేయాలి," అన్నాడు. ఆ 'మన' అన్నమాట విని నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాత జరిగిన సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. చాలా ఏళ్ల కిందట ఓ ఉగాది సభలో నా ప్రసంగం నడుస్తుండగా ఆర్కెస్ట్రావాళ్లకి ఆలస్యమవుతోందని ఈ కార్యదర్శే మైకు తీసుకున్నాడు. ఆ అనుభవం ఉంది కనక మాట్లాడలేదు. రాస్తే మధ్యలో ఎవరూ లాక్కోరు.

ఆవిడ తండ్రి పలాస నుంచి వచ్చి ఇక్కడ రైలింజను నడిపారు. ఆవిడ రాయ్‌పూర్‌లోనే పుట్టి, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి కాలేజీ పిల్లల మధ్య క్రైస్తవ సహవాసం పని చేపట్టారు. పెళ్లి చేసుకోలేదు. ఇక్కడ ఈ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మా పక్కవాటాలోకి అద్దెకి వచ్చారు. వెనకగది ఆవిడకి, ముందుగది పిల్లలకి. శనివారం మధ్యాహ్నం టాటీబంధ్ వైపు నుంచి ఆటోల్లోనూ, తిల్దా నుంచి లోకల్ రైల్లోనూ వచ్చి ఆ గదిలో కూర్చునేవారు. ఇంజనీరింగు పిల్లలు, నర్సింగు పిల్లలు, బీఎస్సీవాళ్లు. అందులో తెలుగువాళ్లు కొందరే. అందరికీ ఆవిడ దీదీ. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి కనక ఆవిడకి మాస్టార్ని.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. బైబిలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా రెండు భాషల్లో చదివాను. ఆవిడ వెళ్లే చర్చి పాస్టరు గురించి ఆ మాట చెప్పలేను. ఓసారి గోడ మీంచి ఆవిడతో వాదన పెట్టుకున్నాను. సమాధి దగ్గర ఆ ఉదయం ఏం జరిగిందో నాలుగు సువార్తలూ నాలుగు రకాలుగా చెప్తున్నాయి, ఏది నమ్ముతావమ్మా అన్నాను. ఆవిడ వడియాలు ఆరబెడుతూ తల కూడా ఎత్తలేదు.

"మీ సంఘం మీటింగులో ఏటయిందో ఇద్దర్ని అడగండి మాస్టారూ, రెండు రకాలుగా చెప్తారు. మీటింగు జరగలేదంటారేటి?"

దీనికి సరైన జవాబు నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. అప్పటికి వడియాలు ఎత్తేశారు.

ఈ ఊళ్లో వసంతం వచ్చిందని నాకు పూల వల్ల తెలియదు. రోడ్డు పక్కన నగారాల దుకాణాలు వెలుస్తాయి, హోళీ దాకా ప్రతి వీధిలోనూ అవి మోగుతాయి. కూలర్లు మేడ మీద నుంచి దిగుతాయి. కాలేజీలో పరీక్షల తేదీలు పడతాయి. పక్కింట్లో క్రైస్తవుల శ్రమల దినాలు, ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజులు, మొదలవుతాయి. హోళీకి హాస్టల్లో వంట ఆపేస్తారు. ఇళ్లకి వెళ్లలేని పిల్లలు ఆ రెండు రోజులూ ఆవిడ ముందుగదిలో తినేవారు. బయట నగారాలు, లోపల గిటారు. రెండింటికీ పొత్తు కుదరని ఆ మోత గోడకి ఇవతల కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఉపవాసం ఉండాలని కొందరు పిల్లలకి పట్టుదల. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. పరీక్ష రాయాల్సింది నువ్వు, కడుపు మాడ్చుకుని దేవుణ్ణెందుకు ఇరికిస్తావు అనేవారు. చదవకుండా ప్రార్థన చేసేవాళ్ల సంగతి దేవుడు తిరిగి నాకే అప్పజెప్తాడు, నాకు అంత తీరిక లేదు అనేవారు. ఆవిడ మత ప్రచారంలో నాకు నచ్చిన భాగం ఇంతే.

ఇక డబ్బా సంగతి. శ్రమల దినాలు మొదలైన తొలి శనివారం అందరి పేర్లూ చీటీల మీద రాసి ఓ స్టీలు డబ్బాలో వేసేవారు. తలా ఒకటి తీసుకోవాలి. ఎవరి పేరు వచ్చిందో బయటకి చెప్పకూడదు. ఈస్టర్ దాకా రోజూ ఆ మనిషి కోసం ప్రార్థన చేయాలి, ఆ మనిషికి తెలియకుండా ఏదో ఒక చిన్న సాయం చేస్తూ ఉండాలి. ఈస్టర్ మర్నాడు ఎవరు ఎవరికి వచ్చారో చెప్పుకుని నవ్వుకునేవారు. ఆవిడా పిల్లలతో పాటు ఒక చీటీ తీసేవారు.

ఆవిడ వచ్చిన కొత్తలో, ఓ వసంతంలో, నా ఇంటి ముందు వింతలు మొదలయ్యాయి. మురిక్కాలవ పక్కన పడాల్సిన నా పేపరు గేటు ఊచల మధ్య నిలబడి ఉండేది. ట్యాంకు నిండగానే ఎవరో మోటారు కట్టేసేవారు. ఓ రోజు గేటుకి రేగుపళ్ల సంచీ వేలాడుతోంది. నేను పేపరువాణ్ణి అనుమానించాను, వాడు కాదన్నాడు. నన్ను చర్చికి లాగడానికి ఇది తొలిమెట్టని నిశ్చయించుకుని, సంచీ పట్టుకుని పక్కింటి గుమ్మం ఎక్కాను.

ఆవిడ నవ్వారు. అందరి పేర్లూ రాసి, తన పేరు రాసుకోవడం మరిచిపోయారట. తనూ చీటీ తీశారు కనక చివర్న ఓ పిల్ల చెయ్యి పెడితే డబ్బా ఖాళీ. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఆ క్షణంలో కిటికీలోంచి చూస్తే నేను పేపరువాణ్ణి తిడుతూ కనిపించాను. గబగబా నా పేరు రాసి ఇచ్చేశారు.

"మీరు ఎదురుగా ఉన్నారు మాస్టారూ. ఈ మనిషికి ఒకరు ఉంటే మంచిదే అనిపించింది."

నా పేరు తీసెయ్యమన్నాను. నాకెవరి ప్రార్థనా అక్కర్లేదన్నాను. ఆవిడ "సరే మాస్టారూ" అన్నారు. రేగుపళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాటి నుంచి పేపరు మళ్లీ కాలవ పక్కనే పడింది. నా మాట నెగ్గిందనుకున్నాను.

ఆవిడ 'సరే' గురించి ఇక్కడ చెప్పాలి. పాస్టరు వచ్చి, మీ పిల్లలంతా మన చర్చిలోనే సభ్యత్వం తీసుకోవాలి, వాళ్ల కాలేజీ కూడికలకి మా అనుమతి ఉండాలి అన్నాడు. ఆవిడ సరే అన్నారు. పిల్లలు ఎవరికి ఇష్టమైన చోటికి వాళ్లు వెళ్తూనే ఉన్నారు. పాటలప్పుడు కిటికీ మూసుకొమ్మని ఇంటి ఓనరు చెప్తే సరే అన్నారు. మార్చి ఎండకి ఆ కిటికీ ఎప్పుడూ మూయలేదు. ఎదిరించడం ఆవిడకి చేతకాదని అందరూ అనుకునేవారు.

ఓ ఏడాది హోళీ వెళ్లాక కార్యదర్శి ఇంటి ఓనర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పక్కింట్లో ఏవో కూడికలు జరుగుతున్నాయని, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి వస్తున్నారని, రేపు ఏదైనా గొడవైతే తెలుగువాళ్లందరికీ చెడ్డపేరని అన్నాడు. ఆవిడ చేత ఖాళీ చేయించాలని వాళ్ల ఆలోచన. ఓనరు తటపటాయిస్తున్నాడు. ఆ గది పోతే పరీక్షల మధ్యలో ఆ పిల్లలకి కూర్చునే చోటుండదు. ఇల్లు ఇవ్వడానికి వేరే ఎవరూ ముందుకొచ్చేవారు కాదు.

"ఏక్ హీ దీవార్, ఒకటే గోడ కదా మాస్టారూ," అన్నాడు కార్యదర్శి. "మీకు పరేషానీ అని ఒక్క మాట అనండి చాలు."

పరేషానీయే అన్నాను. ఇద్దరి మొహాలూ వెలిగాయి.

"పాటలో ఒక్కడికీ శ్రుతి లేదు. అది నాకూ వాళ్లకీ మధ్య గొడవ, వాళ్లతోనే తేల్చుకుంటాను. మీరెందుకు మధ్యలో?"

ఓనరు నా మొహం వంకా కార్యదర్శి మొహం వంకా చూసి, గోడ అవతలాయనకే అభ్యంతరం లేనప్పుడు తనకెందుకంటూ లేచిపోయాడు. ఆవిడ మీద అభిమానంతో ఆ మాట అనలేదు. మైకు లాక్కున్నవాడు కోరినది జరగకూడదు, అంతే. ఆవిడకి ఇదంతా తెలుసో లేదో నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు, కృతజ్ఞతలు చెప్పలేదు. నాకు అదే మర్యాదగా తోచింది.

భూస్థాపన రోజు ఆ పాస్టరు, మా చర్చి సంఘం బిడ్డ అంటూ ప్రసంగం చేశాడు. కార్యదర్శి పెద్ద పూలదండ తెచ్చాడు. నేను వెనక వేపచెట్టు నీడలో నిలబడ్డాను. అక్కడున్న జనంలో సగం మంది నాకు తెలియదు. ఒకప్పటి విద్యార్థులట, బిలాస్‌పూర్ నుంచీ నాగ్‌పూర్ నుంచీ వచ్చారు. నడివయసుకి దగ్గర పడిన ఒకామె నా దగ్గరికి వచ్చి దండం పెట్టింది.

"అంకుల్, మీ ఘుట్నా ఇప్పుడెలా ఉంది? మెట్లెక్కగలుగుతున్నారా?"

నా మోకాలు సంగతి ఈమెకెలా తెలుసు? తేరుకునేలోపు బ్యాంకు ఉద్యోగిలా ఉన్న ఒకతను వచ్చి నా పెన్షన్ కేసు తేలిందా అని అడిగాడు. ఆ కేసు ముగిసి ఏళ్లు గడిచాయి. ఇంకొకామె, నా భార్య చనిపోయిన ఏడాది నేను వంటమనిషిని పెట్టుకోలేదని తెలిసి తను బాధపడ్డానని చెప్పింది. నాకు మండింది. నా గొడవలన్నీ ముందుగదిలో కూర్చోబెట్టి చెప్పుకునేవారా మీ దీదీ అని అడిగేశాను.

మోకాలి సంగతి అడిగినామె తల అడ్డంగా ఊపింది.

"లేదంకుల్. నా సెకండియర్‌లో మీరు నాకొచ్చారు."

అప్పుడు తెలిసింది. ఆవిడ నాతో అన్న 'సరే' కూడా మిగతా వాటిలాంటిదే. ప్రతి వసంతంలోనూ నా పేరు డబ్బాలో పడింది. కోప్పడతారు కనక పనులు మాత్రం చేయొద్దు, ఆయనకేం కావాలో గోడ ఇవతల నుంచి విని ప్రార్థన చేయండి, చాలు అని చెప్పేవారట. నేను పెరట్లో నిలబడి ఫోనులో అరిచిన ప్రతి మాటా వాళ్లకి పనికొచ్చింది. మరి నా పేరు ఎవరి చోట్లో వేసేవారని అడిగాను. దీదీ చోట్లోనట. మొదటి ఏడు మరిచిపోయి రాయని పేరు ఆవిడ తర్వాత ఎప్పుడూ రాయలేదు. ఇన్నేళ్లలో ఒక్క చెయ్యీ ఆవిడ పేరున్న చీటీ తీయలేదు.

నేను చాలా పుస్తకాలు చదివాను. దీన్ని ఏ మాటతో పిలవాలో వాటిలో దొరకలేదు. నన్నడగకుండా చేసిన పని కనక కొంత కోపం ఇప్పటికీ ఉంది.

వారం తర్వాత ఓ నర్సింగు విద్యార్థిని మా గేటు దగ్గర నిలబడింది. ఈ ఏడాది గుంపుకి ఆ అమ్మాయే పెద్ద. అద్దె గడువు ఈస్టర్ వెళ్లేదాకా ఉంది కనక అప్పటిదాకా ఆ గదిలోనే కూడుతున్నారు. తర్వాత సంగతి వాళ్లకే తెలియదు. అమ్మాయి గది గురించి రాలేదు.

"ఈసారి దీదీకి ఎవరో వచ్చారంకుల్. ఎవరో దీదీ చెప్పలేదు. అందరూ తమ తమ చీటీలు నా ఒక్కదాని చెవిలో చెప్పారు. ఒక పేరు మిగిలింది. మత్‌లబ్... అంటే, ఆ పేరున్న అమ్మాయికి ఇప్పుడెవరూ లేరు."

మీలోనే ఒకరు ఇద్దర్ని తీసుకోండి అన్నాను.

"దీదీ అలా ఒప్పుకునేవారు కాదు. ఒకరికి ఒకరే. మీ పేరు ఎప్పట్నుంచో డబ్బాలో ఉంది కదంకుల్. మీ చెయ్యే ఎప్పుడూ పడలేదు."

నాకు ప్రార్థన రాదన్నాను.

"రాకపోతే పర్లేదు. రోజూ ఒకసారి పేరు తలుచుకోండి. ఏం కావాలో చూడండి."

మడిచిన చీటీ గేటు ఊచల మధ్య పెట్టి, నా మొహం వంక చూసింది. సరే అన్నాను. ఏ రకం సరే అని అమ్మాయికి సందేహం వచ్చినట్టుంది, ఇంకాసేపు నిలబడి వెళ్లింది.

చీటీలో పేరు ఇక్కడ రాయను, నియమం ఒప్పుకోదు. ఆ పిల్లకి బుధవారం లెక్కల పరీక్ష ఉందని, పోయినసారి అది తప్పిందని గోడ అవతల మాటల్లో విన్నాను. స్కూటీ మీద వస్తుంది, ఒకవైపు అద్దం పగిలి ఉంటుంది. నీడంతా ముందొచ్చినవాళ్ల బళ్లే ఆక్రమిస్తాయి, దాని బండి ఎండలోనే మిగులుతుంది.

నిన్న శనివారం. వాళ్లు పాట ఎత్తుకున్నాక బయటికి వెళ్లాను. ఇంకా చదవని నా పేపరు విప్పి ఆ స్కూటీ సీటు మీద పరిచి, వడగాలికి ఎగరకుండా రెండు రాళ్లు పెడుతున్నాను. అప్పుడే కార్యదర్శి ఆ దారిన వచ్చాడు.

"ఎండలో ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"పేపరు చదువుతున్నాను."

అతను రాళ్ల వంక ఓసారి చూసి వెళ్లిపోయాడు. నేను లోపలికొచ్చి కర్టెను వెనక నిలబడ్డాను. శ్రుతి ఎప్పటిలాగే లేదు. పాట అయ్యాక పిల్లలు బయటికొచ్చారు, ఆటోలవైపు వెళ్లారు. చివర్న ఆ స్కూటీ అమ్మాయి వచ్చింది. రాళ్లు చూసింది, వీధి అటూ ఇటూ చూసింది, మా ఇంటివైపు మాత్రం చూడలేదు. పేపరు తీసి మడిచింది. సీటు కాలుతుందేమోనని అరచెయ్యి ఆనించి చూసింది. చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది.