మామ మోసిన పసుపు సంచి

నా చిన్నప్పుడు కోయంబత్తూరు దగ్గరి మా అన్నూరు వైపు మగవాళ్లు మోయలేని బరువంటూ ఉండేది కాదు. పత్తి మూటలు వీపున వేసుకొని బండి మీదికి ఎక్కించేవాళ్లు. జాతరలో అమ్మవారి పల్లకి మోయడానికి పోటీలు పడేవాళ్లు. వాళ్లు ముట్టనిది ఒక్కటే, పసిబిడ్డ గుడ్డల సంచి. బిడ్డను తల్లే ఎత్తుకోవాలి, సంచీ తల్లే తగిలించుకోవాలి. తండ్రి మాత్రం కట్టుకున్న వేష్టి, అంటే పంచె, మడత నలగకుండా చేతులూపుకుంటూ ముందు నడవాలి. తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్నకు ఇద్దరు చెల్లెళ్లు. పెద్దత్తను పొల్లాచ్చిలో కొబ్బరితోటలున్న ఇంటికి ఇచ్చారు. ఆవిడకు తొలి కాన్పు అయి, పాప ఇంకా బోర్లా పడని రోజుల్లో చిన్నత్త పెళ్లి మా ఊళ్లోనే కుదిరింది. మా ఇళ్లలో తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి అక్క వెనక నిలబడి, ముడి వేయడానికి వీలుగా జడ ఎత్తి పట్టుకోవాలి. పెద్దత్తకు ఆ చెల్లెలంటే ప్రాణం. ఆ జడ తానే పట్టుకోవాలని ఆవిడ ఎంత ఆశపడిందో ఇంట్లో అందరికీ తెలుసు.

వాళ్ల అత్తగారికి ఆ ఆశ కంటికి ఆనలేదు. "పసిబిడ్డను ఎత్తుకోని పెండ్లికి ఏమిటికి పొయ్యేది? గుడ్డలు ఉతికేదానికి మన ఇంట్లో బాయి లేదా?" అని బయల్దేరేటప్పుడే అన్నదట. ఆ మాటే నిజమయ్యేట్టు కనిపించింది. బస్సు కుదుపులకో ఏమో పాపకు కడుపు కదిలింది. పెళ్లికి ముందు రోజంతా పెద్దత్త బావి గట్టునే ఉంది. చెల్లెలి పక్కన కూర్చుని గోరింటాకు పెట్టబోతే ఎవరో ఒకరి పిలుపు. పందిట్లో పేకాడుతున్న మామ, అంటే పెద్దత్త భర్త, ఒళ్లో పాప తడిపితే, ఆయన వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో దూరంగా ఎత్తి పట్టుకొని పెళ్లాం కోసం కేకలు పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏం చూసి నవ్వారో, నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

సాయంత్రం పెద్దత్త మా అవ్వ దగ్గరికి వచ్చింది. నీళ్లలో నాని చేతివేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. "అమ్మా, రేపు ముహూర్తానికి నేను రాగలనో లేదో. జడ పట్టుకొనేదానికి వేరే ఎవురినన్నా చూసి పెట్టుకోండి" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదేమో. అక్కడే మంచం మీద మా పెద్ద తాతయ్య, అంటే మా తాతయ్యకు అన్న, వక్క కత్తిరించుకుంటున్నాడు. ఇంటికి పెద్ద ఆయన. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన అంతా విన్నాడు.

మరునాడు పొద్దున్న పెద్దత్త పాప సంచి సర్దుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఉతికి ఉతికి మెత్తబడిన పాత వేష్టిలను చదరంగా చింపిన గుడ్డలు, తడివి చుట్టి పెట్టడానికి రబ్బరు షీటు ముక్క, చిన్న సీసాలో కొబ్బరి నూనె. ఇవన్నీ ఒక పసుపు గుడ్డ సంచిలో పెట్టింది. పెద్ద తాతయ్య వచ్చి ఆ సంచి తీసుకున్నాడు, పాపనూ ఎత్తుకున్నాడు. నువ్వు పోయి చీర మార్చుకో అని చెప్పి నేరుగా మామ దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెళ్లిళ్లలో నగలను తోలు పెట్టెల్లో తీసుకురారు, దొంగల కళ్లు పడతాయని. కొట్లో సరుకుకు పోయేవాళ్లలాగా మామూలు పసుపు సంచిలో వేసి, ఇంట్లో అందరికన్నా నమ్మకమైన మనిషి ఒళ్లో పెడతారు. ఆ సంచి, మా మాటలో పై, దక్కడమంటే ఆ మనిషికి పెద్ద గౌరవం దక్కినట్టే.

"మాప్పిళ్ళ, ఈ పై మీ చేతిలోనే ఉండనీండి. నేను అడిగేదాకా కింద పెట్టొద్దండి. పత్తరం, జాగ్రత్త" అని అల్లుడి చేతిలో సంచి పెట్టాడు పెద్ద తాతయ్య. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆయన అబద్ధం ఆడలేదు సుమా.

మామ ఛాతీ విరుచుకున్నాడు. పేకాటకు పోలేదు. కాఫీ వస్తే ఒంటిచేత్తో తాగాడు. టిఫిను పంక్తిలో సంచిని తొడల మధ్య ఇరికించుకొని ఇడ్లీలు తిన్నాడు. వాళ్ల తమ్ముడు కాసేపు పట్టుకుంటానంటే కళ్లెర్రజేశాడు. వాళ్ల అమ్మ కొడుక్కి దక్కిన మర్యాద చూసి మురిసిపోయింది. నాకు నవ్వు ఆగక కొంగులో మొహం దాచుకోవడానికి అమ్మ కోసం వెతుక్కున్నాను. మామ ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కనే పాపను ఒళ్లో వేసుకొని పెద్ద తాతయ్య.

సరిగ్గా ముహూర్తం దగ్గరపడుతుండగా పాప ఏడ్చింది. పెద్ద తాతయ్య వేష్టి తడిసింది. చెల్లెలి జడ పట్టుకొని నిలబడ్డ పెద్దత్త ఆ ఏడుపు విని తల తిప్పింది. "ఏమ్మా, బిడ్డ తడిపింది చూడు, దిగి రా" అని వాళ్ల అత్తగారు అందరికీ వినిపించేట్టు పిలిచింది. పెద్దత్త వేళ్లు జడ మీద సడలాయి. అప్పుడు పెద్ద తాతయ్య చెయ్యెత్తాడు.

"నువ్వు నిలువు తల్లీ. గుడ్డలు మాప్పిళ్ళ దగ్గర ఉండాయి" అని మామ వైపు తిరిగాడు. "పై తెరవండి. ఒక గుడ్డ ఇట్ల ఇవ్వండి."

మామ సంచి తెరిచి చూశాడు. ఆయన మొహంలో రంగులు మారడం నేను కళ్లారా చూశాను. వెనక వరసలో ఒకరు పకపకా నవ్వారు. పెద్ద తాతయ్య నవ్వలేదు. "నగలు మా తమ్ముని దగ్గర ఉండాయి. అవి పోతే మళ్లా చేపించుకుంటాము. నా కూతురు ఈ పొద్దు ఇది చూడకుంటే, మళ్లా ఎప్పుడు చూస్తుంది?" అన్నాడు. మామ గుడ్డ తీశాడు. పెద్ద తాతయ్య దాన్ని మూలకు మూల మడిచి, ఎట్లా కట్టాలో చూపిస్తూ ఆయన చేతనే కట్టించాడు. గట్టిమేళం మోగింది. పెద్దత్త రెండు చేతులతో జడ ఎత్తి పట్టుకొని తాళి ముడి పడేదాకా కదలలేదు. ఆవిడ చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

తరువాత పెద్ద తాతయ్య ఆ తడిగుడ్డ తీసుకొని బావి దగ్గరికి పోయి తనే జాడించాడు. ఊళ్లో ఎంత భూమి ఉన్న మనిషో అందరికీ తెలుసు, అందరూ చూశారు. అక్కడే నాతో అన్నాడు: "మీ పెద్దవ్వ పొయ్యినప్పుడు మా అబ్బాయి చంటివాడు. అప్పుడు నేనే ఉతికినా, సిగ్గుపడి తలుపు మూసుకోని. సిగ్గు ఏమిటికో ఇప్పుడు తెలవదు."

మామ మారిపోయాడని చెబితే అది కథ అవుతుంది. ఆయన చాలా రోజులు పెద్ద తాతయ్యతో మాట్లాడలేదు. తిరుగు బస్సుకు మాత్రం సంచి ఆయనే పట్టుకున్నాడు, పైన తుండుగుడ్డ కప్పుకొని. అది నాకు ఇంకా కోపం. కన్నబిడ్డ గుడ్డలను దాచుకోవలసిన అవసరమేమిటి? ఒక తల్లి తన చెల్లెలి పెళ్లి చూసుకోవడానికి నగల సంచి నాటకం ఆడవలసి రావడమేమిటి?

పోయిన నెల కోయంబత్తూరులో మా మనవడి భార్య పాప గుడ్డల బ్యాగు కొనాలని నన్నూ తీసుకుపోయింది. ఆ పిల్ల బొత్తాలున్న ఉతుక్కునే న్యాపీలు వాడుతుంది, మంచిదే. కొట్లో అన్నీ గులాబీ రంగు, పూలు, సీతాకోకచిలుకలు. మనవడు ఫోను చూస్తూ, "నీకు పిడిచ్చింది, నచ్చింది తీసుకో, మోసేది నువ్వే కదా" అన్నాడు.

నేను మా పెద్ద తాతయ్యంత ఓపిక ఉన్నదాన్ని కాను. నాకు నాటకాలు చేతకావు. "ఏమిరా, బిడ్డకు నాయన ఎవురు? ఒక్కొక్కటీ నీ భుజానికి తగిలించి చూపించు" అన్నాను. కొట్లో అందరూ తిరిగి చూశారు, చూడనీ. లోపల తుడిస్తే పోయే గుడ్డ ఉందా, తడివి విడిగా పెట్టే జిప్పు అర ఉందా, ఒక చేతిలో బిడ్డ ఉండగా రెండో చేత్తో తెరవగలడా, అన్నీ వాడి చేతనే పరీక్ష చేయించాను. బూడిద రంగుది తీసుకున్నాడు. పట్టీ వాడి పొడుగుకే బిగించారు. విప్పిన న్యాపీని విప్పినవాళ్లే వెంటనే చన్నీళ్లలో జాడించాలి, నానబెట్టి ఇంకొకరి కోసం ఉంచకూడదు అని కూడా దారిలో చెప్పాను. వాడు ఊఁ కొట్టాడు.

ఆ పెళ్లి చూసిన నాటి నుంచి నాకొక అలవాటు ఉండిపోయింది. ఏ శుభకార్యంలో బిడ్డ ఏడుపు వినిపించినా నా కళ్లు తల్లి వైపు పోవు. తండ్రి ఎక్కడున్నాడా అని వెతుకుతాయి. కనిపించకపోతే, మోకాళ్లు నొప్పులైనా సరే, నేనే లేచి వెళ్లి పిలుచుకొస్తాను.